వాగుకు అటు తుపాకీ, ఇటు పందులు

నెమలిబోరు,
కుక్కునూరు మండలం.
డిసెంబరు.

తమ్ముడు వెంకటప్పయ్యకు,

నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ టవరు మళ్ళీ పనిచేయడం లేదు. గుట్టెక్కితే సిగ్నలు వస్తుందంటున్నారు, నాకు గుట్టెక్కే ఓపిక లేదు. వచ్చినప్పుడు మాత్రం ఏం ఒరిగింది, ఫోన్లో నీ మాటలన్నీ వేళాకోళమే. అందుకే కాగితం మీద రాస్తున్నాను. అశ్వారావుపేట మీదుగా వచ్చే బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. జవాబు కూడా ఆయనకే ఇవ్వు.

నాన్న పెద్దకర్మకు వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయారు. నువ్వు పంతులుగారి చెప్పులు బర్రె కొమ్ములకు తగిలించిన సంగతి ఊరు ఇంకా చెప్పుకుంటోంది. యాభై దాటినవాడివి. తండ్రి కర్మ నాడైనా ఆగవు. నాన్న ఉంటే నవ్వేవాడే అనుకో, అది వేరే సంగతి.

ఇక పని. నాన్న తుపాకీ లైసెన్సు ఆయన పేరునే ఉంది. మనిషి పోతే లైసెన్సూ పోయినట్టేనట. వారసుల్లో ఎవరో ఒకరు తమ పేరున కొత్తగా అడగాలి. వారసులం మనిద్దరమే. నేను అడుగుతున్నాను. నీకు అభ్యంతరం లేదని రాసి, సంతకం పెట్టి పంపు.

మొక్కజొన్న కంకి వేయబోతోంది. పందులకు అప్పుడే తెలిసిపోయింది. చేను చుట్టూ నా పాత చీరలన్నీ కట్టాను. నాలుగు రోజులు బెదిరాయి, తర్వాత ఆ చీరల కిందినుంచే దూరి వస్తున్నాయి. నేనే మంచె మీద కూర్చుని రేకు డబ్బా కొడుతున్నాను. చెయ్యి ఆగితే అవి చేలో ఉంటాయి. కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. నాన్న ఉండగా అప్పుడొకటి అప్పుడొకటి తోటా పేలిస్తే చాలు, ఇటు తొంగిచూసేవి కావు. ఈ భూమి ఎప్పుడో ఒకప్పుడు ప్రాజెక్టు నీళ్ళలో మునిగేదే. మునిగేలోపు పండింది ఇంటికి రావాలని నా ఆశ. అంతకుమించి ఏమీ లేదు.

తుపాకీ ఎక్కడుంది, ఏమిటి అని అడగకు. అది నేను చూసుకుంటాను.

మీ అక్క,
సుబ్బరత్నం


తల్లాడ.
డిసెంబరు నెలాఖరు.

కాబోయే తుపాకీ సుబ్బరత్నమ్మగారి సముఖానికి,
మోటార్లకు తీగ చుట్టుకుని బతికే తమ్ముడు దూరంగా నిలబడి రాయునది.

సంతకం పెట్టి ఇందులో జతచేశాను. నాకేం అభ్యంతరం, నాన్న నన్ను ఎన్నడైనా దాన్ని ముట్టుకోనిచ్చాడా? "వీడి చేతికి అగ్గిపెట్టె ఇవ్వాలన్నా ఆలోచించాలి" అనేవాడు. ఆయన మాట ఆయన వెంటే పోనీ.

అయితే పదో తరగతి మూడుసార్లు రాసినవాణ్ణి కదా, తెలియనిది అడిగి తెలుసుకోవడం నాకు అలవాటు. మొన్న ఖమ్మం పోయినప్పుడు తుపాకుల కాగితాలు చూసే ఆఫీసుకు వెళ్ళాను. నేను లోపలికి పోగానే అక్కడి గుమాస్తా నా రెండు చేతులూ చూశాడు, ఖాళీగా ఉన్నాయని కూర్చోమన్నాడు. ఆయన చెప్పిన సంగతులు నీకు తెలుసో లేదో రాస్తున్నాను.

లైసెన్సు ఉన్న మనిషి పోగానే తుపాకీని ఆలస్యం చేయకుండా దగ్గరున్న పోలీసు స్టేషన్లోనో, లైసెన్సున్న తుపాకీ దుకాణంలోనో అప్పజెప్పి రసీదు తీసుకోవాలి. ఆ తర్వాతే వారసులు దరఖాస్తు పెట్టుకోవడం. "మా నాన్నదే కదా" అని ఇంట్లో పెట్టుకుంటే కొడుకైనా, కూతురైనా, దొంగైనా ఒకటేనట. లైసెన్సులో ఎవరి పేరుంటే వాళ్ళే పట్టుకోవాలి, పక్కింటివాడు సరదాకు మోసినా నేరమే. ఒక రాష్ట్రంలో ఉన్న తుపాకీ ఇంకో రాష్ట్రంలో అడుగుపెట్టాలంటే అటువాళ్ళు ఒక కాగితం, ఇటువాళ్ళు ఒక కాగితం ఇవ్వాలి. పెళ్ళిచూపులకైనా ఇంత తతంగం ఉండదు.

"మీ నాన్నది ఏ రాష్ట్రం?" అని అడిగాడు. ఏం చెప్పను? లైసెన్సు ఇచ్చింది ఖమ్మంలో. పోయింది ఆంధ్రాలో. మధ్యలో ఆయన ఎక్కడికీ కదల్లేదు, రాష్ట్రమే మంచం కిందినుంచి జరిగింది అన్నాను. గుమాస్తా నవ్వలేదు. ఇలాంటివి ఆయన రోజూ వింటాడు కాబోలు.

మరి అప్పజెప్పావా? రసీదు ఉందా? "అడగకు" అని రాశావు చూడు, అక్కడ పట్టుకున్నాను. పుట్టినప్పటినుంచీ అబద్ధాలు ఆడుతున్నవాణ్ణి. ఎదుటివాళ్ళది నాకు ఉత్తరంలోనే వాసన కొడుతుంది.

ఈ బస్సులోనే ఒక బస్తా పంపుతున్నాను. విప్పి కెవ్వుమనకు. మా మంగలి షాపులో ఊడ్చిన వెంట్రుకలు. చేను గట్టు మీద చల్లితే, అవి ముక్కులోకి పోయి పందులు తుమ్ముకుంటూ పారిపోతాయంటున్నారు. తల్లాడలో సగం మంది నీ చేనుకు కాపలా వస్తున్నారనుకో.

తమ్ముడు


నెమలిబోరు.
జనవరి.

వెంకటప్పయ్యకు,

వెంట్రుకలు చల్లాను. వానజల్లు పడి కొట్టుకుపోయాయి.

నా దరఖాస్తు తిరిగొచ్చింది. ఏలూరు దాకా పోయి అడిగాను. పంటను కాపాడుకోవడానికి తుపాకీ అడుగుతున్నావు, నీ పేరున పంటభూమి ఏదీ అన్నారు. ప్రాజెక్టుకు తీసుకున్నారు కదా, దాని డబ్బు నాన్న ఖాతాలో ఎప్పుడో పడింది. నీళ్ళు రాలేదు కాబట్టి దున్నుకుంటున్నాము, అందరూ దున్నుకుంటున్నారు. ఆ అమ్మాయి మంచిగానే చెప్పింది. "కాగితంలో అక్కడ పొలం లేదండీ, లేని పొలంలో పందులెట్లా పడతాయి?" అంది. నీళ్ళింకా రాకముందే నేను మునిగిపోయాను తమ్ముడూ.

ఇక రెండోది. దాచి లాభం లేదు కాబట్టి రాస్తున్నాను. తుపాకీ మన ఇంట్లో లేదు. అప్పజెప్పడానికి నా దగ్గర ఉంటే కదా. వాగుకు అటు తండాలో, బద్యా బాబాయి దగ్గర ఉంది.

నువ్వు తల్లాడ వెళ్ళిపోయినవాడివి, నీకు తెలియదు. నాన్నా బద్యా బాబాయీ ఆ తుపాకీని కాడెద్దులా వంతులేసుకున్నారు. ఒక సంత నుంచి ఇంకో సంత దాకా ఇటు, మళ్ళీ సంత దాకా అటు. వాగులో మోకాటిలోతు నీళ్ళు దాటి ఆయన వచ్చి తీసుకునేవాడు, నాన్న పోయి తెచ్చుకునేవాడు. వాళ్ళ తండా చేలు గుట్ట మొదట్లో, మనవి వాగొడ్డున. రెండు చోట్లా పందులే. ఈ వాగు రాష్ట్రాలకు సరిహద్దు అయిందని తెలిసిన రోజున కూడా వాళ్ళు వంతు మార్చుకున్నారు. నాన్న పోయింది బద్యా బాబాయి వంతులో.

ఆయన తెచ్చిస్తానన్నాడు. నేనే వద్దన్నాను. ఆ వయసులో తుపాకీ భుజాన వేసుకుని వాగు మధ్యలో దొరికితే రెండు రాష్ట్రాలవాళ్ళూ పట్టుకుంటారు. అక్కడే ఉండనివ్వాలన్నా భయమే. వాళ్ళింట్లో ఎవరైనా చూసి చెబితే ఆ ముసలాయన జైల్లో కూర్చుంటాడు. అది మన నాన్న తుపాకీ మూలంగా.

ఏం చేయాలో చెప్పు. వేళాకోళం రాసి పంపితే చదవను.

సుబ్బరత్నం


తల్లాడ.
జనవరి నెలాఖరు.

అక్కకు,

వేళాకోళం లేదు. కనీసం మొదట్లో లేదు.

నీ ఉత్తరం అందిన మర్నాడే బద్యా బాబాయి తండాకు పోయాను. ఆయన ధాన్యం గుమ్మిలోంచి గొంగడి చుట్టిన తుపాకీ తీసి నా ముందు పెట్టాడు. ఇప్పనూనె రాసి తుడిచి ఉంచాడు, నా ముఖం కనపడింది అందులో. నాన్న ఉండగా ఇంత మెరవలేదు అది. నేను నా అలవాటు కొద్దీ, "బాబాయ్, దీన్ని దాచినందుకు నీకు రెండు రాష్ట్రాలూ చెరో పింఛను ఇస్తాయిలే" అన్నాను. ఆయన నవ్వలేదు.

"మీ నాయిన నా చేతిల పెట్టిండు. మల్ల సంతకు నేను ఆయన చేతిల పెట్టాలె. ఆ చెయ్యే లేకపాయె. ఎవ్వని చేతిల పెట్టాలె?" అన్నాడు.

నేను మళ్ళీ ఏదో పిచ్చి జోకు వేశాను. అప్పుడు ఆయనకు కోపం వచ్చింది. పూలి పిన్ని వద్దని సైగ చేస్తున్నా వినకుండా చెప్పేశాడు.

"నీకు నవ్వులాట అయింది. అక్కడ మీ అక్కను పంది ఎత్తి పడేసింది. పక్కటెముకలు పగిలినయ్. దవాఖానకు నేనే తీస్కపోయిన. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నది."

నువ్వు ఏలూరు పోయింది ఎముకలు పగిలాకనా, పగలకముందా? రెండు ఉత్తరాలు రాశావు, అందులో వెంట్రుకల గురించి రాశావు, దీని గురించి ఒక ముక్క లేదు. అబద్ధం నాకు వాసన కొడుతుందని గొప్పలు పోయాను, నీ దగ్గర నా ముక్కు పనిచేయలేదు. సరే. తిట్టడం తర్వాత.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. అది చదివి నువ్వు తిట్టు.

దగ్గరున్న స్టేషన్లో అప్పజెప్పాలని కదా రూలు. తుపాకీకి దగ్గర స్టేషన్ అటుదా, ఇటుదా? తుపాకీ తండాలో ఉంది, కాబట్టి తెలంగాణది. అట్లాగని చేతబట్టుకుని పోతే దారిలో ఏమవుతుందోనని ముందు నేనొక్కణ్ణే స్టేషనుకు వెళ్ళి, మా నాన్న పోయాడు, ఆయన తుపాకీ ఫలానా చోట ఉంది, అప్పజెబుతాను, మీరే వచ్చి తీసుకెళ్ళండి అన్నాను. ఎస్సైగారికి రిటైర్‌మెంటు దగ్గర పడ్డట్టుంది, కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి. జీపు వేసుకుని తండాకు వచ్చాడు. దారి పొడుగునా నేను మంచి అబద్ధం ఒకటి తయారు చేసుకున్నాను. నాన్న తల్లాడకు వస్తూ దారిలో తండాలో ఆగాడని, అక్కడ ఒంట్లో బాగాలేక తుపాకీ వదిలి ఇంటికి పోయాడని. నా జీవితంలో ఇంత నున్నటి అబద్ధం కట్టలేదు.

దాన్ని చెప్పే అవకాశమే రాలేదు. ఎస్సై తుపాకీ నంబరు చూసి రాసుకుంటున్నాడు, బద్యా బాబాయి ఎదురుగా నిలబడి, "అయ్యా, ఇది మా వంతు" అని మొదలుపెట్టాడు. నేను గట్టిగా దగ్గాను. ఎస్సై తల ఎత్తలేదు.

"పెద్దాయనా, నేను అడిగినదానికి చెప్పు. అడగనిది చెప్పకు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "అప్పజెప్పేది ఎవరు? వారసుడు. అంతేనా?" అన్నాడు. అంతే అన్నాను. సంతకం పెట్టించుకుని రసీదు ఇచ్చాడు. అడగాల్సిన ప్రశ్న ఆయనకు తెలియక కాదు. అడిగితే ఎంతమంది మీద కేసు రాయాలో లెక్కపెట్టుకుని, ఓపిక లేక వదిలేశాడు. ఓపిక లేనివాళ్ళ చేతిలో కూడా కొన్నిసార్లు న్యాయం జరుగుతుంది.

బద్యా బాబాయి బయటపడ్డాడు. తుపాకీ మాత్రం ఇప్పుడు వాగుకు ఇటువైపు స్టేషన్లో ఇనప గదిలో ఉంది. అది నీ దగ్గరికి రాదు. నీకు అక్కడ లైసెన్సు రాదు, లైసెన్సు లేనిదే అది వాగు దాటదు. నేను ఇటు రాష్ట్రంలో ఉన్నాను, నా పేరున ఎకరన్నర ఉంది, పంట ఉంది. కాబట్టి వారసుడిగా నేను దరఖాస్తు పెడతాను. నువ్వు నాకు అభ్యంతరం లేదని రాసి పంపాలి. ఒకరికొకరం అభ్యంతరం లేదని రాసుకోవడంతోనే మన తరం అయిపోయేట్టుంది.

కొత్తగా ఒక పెట్టె పంపుతున్నాను. సోలారుది. దానికి నేనే తీగలు వేశాను. అందరూ అందులో పులి అరుపు పెడతారు, నేను నా గొంతుతో తిట్లు పెట్టాను. మనిషి తిట్టినట్టే ఉంటుంది, పందులు నమ్ముతాయి. నువ్వు మాత్రం చెవిలో దూది పెట్టుకో.

తమ్ముడు


నెమలిబోరు.
మార్చి.

వెంకటప్పయ్యకు,

సంతకం పంపుతున్నాను.

ఎముక అతుక్కుంది. పగిలింది ఏలూరు పోయి వచ్చాకే. చెబితే ఏం చేసేవాడివి, పందికి ఫోను చేసేవాడివా?

నీ పెట్టె మొదటి వారం బాగా పనిచేసింది. రెండో వారం నీ తిట్లు వినుకుంటూనే కంకులు తిన్నాయి. మూడోవారం ఒక పంది పెట్టె పక్కనే పడుకుంది. పగలు చూసినవాళ్ళు చెప్పారు. నువ్వంటే వాటికి కూడా లెక్కలేకుండా పోయింది.

చేను సగానికి పైగా పోయింది. మిగిలింది కోశాను. కోసినవాళ్ళు కంకులకంటే ఖాళీ బెండ్లు ఎక్కువ ఏరారు.

నువ్వు చేసింది సరైన పనే. బద్యా బాబాయి ఇంటికి పోలీసులు రాకుండా చేశావు, అంటే వచ్చారు గానీ తుపాకీ ఒక్కటే పట్టుకుపోయారు. అది నేను కాదనను. కానీ తుపాకీ పోయినప్పుడు నాకు చెప్పి పోగొట్టి ఉంటే బాగుండేది. మంచె మీద కూర్చుని అవతలి ఒడ్డు చూస్తుంటాను. ఆ ఒడ్డున మన తుపాకీ ఉందని తెలిసినప్పుడు ఒక ధైర్యం ఉండేది. ఇప్పుడు ఉత్త వాగు.

బద్యా బాబాయి సంత రోజున ఇంకా వస్తున్నాడు. చేతిలో ఏమీ ఉండదు. వచ్చి నాన్న కూర్చునే చోట కాసేపు కూర్చుని పోతాడు. వంతు అలవాటయిపోయింది కదా.

సుబ్బరత్నం


తల్లాడ.
ఆగస్టు.

అక్కకు,

ఇన్నాళ్ళు రాయలేదని కోపం వద్దు. రాయడానికి ఏమైనా జరిగితే కదా. నా దరఖాస్తు ఒక బల్ల మీదినుంచి ఇంకో బల్ల మీదికి పోవడానికి పట్టిన కాలంలో మా ఇంటి పిల్లి రెండు ఈతలు ఈనింది.

మొదట నా మతి సరిగ్గా ఉందని డాక్టరు కాగితం తెమ్మన్నారు. ఆ మాట విని మీ మరదలు నవ్విన నవ్వుకు పక్కింటివాళ్ళు వచ్చారు. డాక్టరు నన్ను కూర్చోబెట్టి, ఎప్పుడైనా ఎవరినైనా చంపాలనిపించిందా అని అడిగాడు. "టీవీలో సీరియలు చూసేటప్పుడు" అన్నాను. ఆయన పెన్ను మూతపెట్టాడు. అయ్యా, వేళాకోళానికి అన్నాను అంటే, వేళాకోళం చేసేవాళ్ళకు తుపాకీ ఎందుకు అన్నాడు. ఇంకోసారి పోయి, గంటసేపు నవ్వకుండా కూర్చుని తెచ్చుకున్నాను. తుపాకీ పట్టుకోవడం ఎట్లాగో నేర్చుకున్నట్టు ఇంకో కాగితం కావాలన్నారు. దానికి హైదరాబాదు పోయాను. అక్కడ నేర్పేవాడు నా చేతులు చూసి, మోటార్లు చుట్టే చేతులు, వణకవు అన్నాడు. ఈ ఏడాదంతటిలో నన్ను మెచ్చుకున్నది ఆయనొక్కడే.

తర్వాత అసలు గండం. నా నడవడి ఎట్లాంటిదో వాకబు చేయడానికి కానిస్టేబుల్ మా వీధికి వచ్చాడు. నేను ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో చేసిన వెధవ పనులన్నీ ఆ రోజు వరసలో నిలబడ్డాయి. ఒకడు, వీడు మా పెళ్ళి ఊరేగింపులో గుర్రం తోకకు డబ్బాలు కట్టాడన్నాడు. ఇంకొకామె, వీడి మాట నమ్మి బోరింగులో పెట్రోలు పడిందని బిందెలతో ఉరికాము అంది. కానిస్టేబుల్ రాసుకుంటూనే ఉన్నాడు. ఆ రాతలో ఎక్కడా 'నేరం' అన్న మాట లేదట గానీ, 'ఇతని చేతికి తుపాకీ వద్దని వీధి అభిప్రాయం' అని రాయబోయాడట.

చివరకు కిరాణా దూలయ్య దగ్గరికి పోయాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన కొట్టు మీద 'నేడు నగదు, రేపు అప్పు' అని ఉన్న బోర్డుకు నేను రంగు వేసి 'నేడు అప్పు, రేపు నగదు' అని మార్చినవాణ్ణి. ఆ రోజు మధ్యాహ్నానికి కొట్లో పప్పు గింజ మిగల్లేదు. దూలయ్య నన్ను బజార్లో అందరి ముందూ చెప్పుతో కొట్టాడు. నీకు చెప్పలేదు, ఎముక విరగలేదులే. నువ్వు దాచినప్పుడు నేనూ దాస్తాను.

దూలయ్య ఏమన్నాడో కానిస్టేబులే నాకు తర్వాత చెప్పాడు.

"అబద్ధాల కోరు సార్. దొంగ నవ్వు. గానీ వానికి కోపం రాదు. నేను చెప్పుతోని కొట్టిన, నవ్విండు. మల్ల నా మోటరు కాలితే వచ్చి చుట్టిండు. కోపం రానోని చేతిల తుపాకి ఉంటే ఏంది, చీపురు ఉంటే ఏంది."

అది విని నేను ఇంటికి వచ్చి, ఒక్క జోకూ వేయకుండా అన్నం తిన్నాను. మీ మరదలు, ఒంట్లో బాగాలేదా అని నుదురు పట్టుకుని చూసింది.

ఇక మిగిలింది అటు రాష్ట్రం కాగితం. నాన్న లైసెన్సు అటు పుస్తకాల్లో ఉంది కదా. ఆయన పోయాడని, ఆ లైసెన్సు కొట్టేశామని, తుపాకీ ఇటు ఇవ్వడానికి తమకు అభ్యంతరం లేదని అక్కడినుంచి రావాలి. పంపామని అటువాళ్ళు అంటున్నారు, రాలేదని ఇటువాళ్ళు అంటున్నారు. నువ్వొకసారి పోయి అడగగలవా? పోలేకపోతే పోవద్దు. నిజంగా అంటున్నాను.

తమ్ముడు


నెమలిబోరు.
అక్టోబరు.

వెంకటప్పయ్యకు,

ఏలూరు పోయి వచ్చాను. మొదటిసారి అధికారి సెలవులో ఉన్నాడు. తర్వాతిసారి నాన్న చనిపోయినట్టు ఇచ్చిన కాగితంలో ఊరు పేరు తప్పు పడిందన్నారు. అది దిద్దించి మళ్ళీ పోయాను. ఈసారి నా కళ్ళ ముందే కవరులో పెట్టి అంటించారు. ఆ అమ్మాయే ఉంది, లేని పొలంలో పందుల సంగతి అడిగిన అమ్మాయి. నన్ను గుర్తుపట్టింది. "ఇంకా పందులు వస్తున్నాయా అమ్మా?" అంది. మునిగేదాకా వస్తాయమ్మా అన్నాను. మంచినీళ్ళు ఇచ్చింది.

వరి కొంత వచ్చింది. దానికోసం ఎంత మేలుకున్నానో రాస్తే నీకూ నిద్ర పట్టదు. ఇప్పుడు నిద్రపోదామన్నా పట్టడం లేదు. పగలు అన్నం ముద్ద చేతిలో ఉండగా తూగుతాను. మంచం ఎక్కితే కళ్ళు తెరుచుకుంటాయి. చప్పుడు లేకపోయినా లేచి డబ్బా కొడుతున్నానట, పక్క చేనువాళ్ళు అంటున్నారు.

యాసంగికి మొక్కజొన్న వేయకూడదనుకున్నాను. తర్వాత విత్తనాలు కళ్ళపడ్డాయి, వేశాను. ఎందుకు వేశానని అడగకు, నాకూ తెలియదు. ప్రాజెక్టువాళ్ళిచ్చే కొత్త కాలనీకి మారే లోపు ఇదే ఆఖరిది కావచ్చు, కాకపోవచ్చు. ప్రతి ఏడూ ఆఖరిదే అంటున్నారు.

ఇంక ఆ లైసెన్సు సంగతి వదిలెయ్. వచ్చినా నీ పేరునే వస్తుంది, నీ చేతికే వస్తుంది. వాగు దాటదని నువ్వే రాశావు. నువ్వు తల్లాడలో దాన్ని గోడకు తగిలించుకుంటే నా చేలో పంది బెదరదు. నీ మీద కోపంతో రాయడం లేదు. కోపానికి కూడా ఓపిక ఉండాలి.

సుబ్బరత్నం


గుట్టకింది తండా,
బద్యా బాబాయి ఇల్లు.
డిసెంబరు.

అక్కకు,

పైన ఊరు పేరు తప్పు రాయలేదు. చదువుకో.

లైసెన్సు వచ్చింది. నా ఫొటో అంటించి, దాని మీద ముద్ర కొట్టి ఇచ్చారు. ఆ ఫొటోలో నాకు నవ్వు ఆగలేదు, మళ్ళీ దిగమన్నారు, మళ్ళీ దిగాను. పంట కాపాడుకోవడానికి, తెలంగాణ రాష్ట్రంలో ఎక్కడైనా అని రాశారు. వాగుకు అటు అడుగు పెడితే మాత్రం నేనూ తుపాకీ ఇద్దరం లోపలే. గుమాస్తా అది వేలితో చూపించి మరీ చెప్పాడు. నా ముఖంలో ఏదో కనపడినట్టుంది.

స్టేషన్లో రసీదు ఇచ్చి తుపాకీ విడిపించుకున్నాను. అదే ఎస్సై. ఇంకా రిటైరు కాలేదు. "పందుల కోసమేనా?" అని అడిగాడు, పందుల కోసమే అన్నాను. ఏ పందులు అని అడగలేదు. ఆయన మంచి మనిషి, ఇంకెవరికీ చెప్పకు.

నువ్వు రాసింది నిజం. తల్లాడలో గోడకు తగిలిస్తే నీ చేలో పంది బెదరదు. అందుకని తల్లాడలో తగిలించలేదు. షాపుకు తాళం వేసి వచ్చాను. ఈ యాసంగి తల్లాడలో మోటార్లు కాలితే వాళ్ళే ఊదుకుంటారు. మీ మరదలు, పోయిరా, ఇల్లు కాసేపు ప్రశాంతంగా ఉంటుంది అంది. పెట్టె సర్దేటప్పుడు మాత్రం దుప్పట్లు ఎక్కువ పెట్టింది.

బద్యా బాబాయికి వాగొడ్డున మెట్టచెలక ఒకటి దున్నక పడావు పడి ఉంది, చూశావు కదా. సరిగ్గా మన చేనుకు ఎదురుగా, నీ మంచె కనపడే చోట. పందుల బాధకే వదిలేశారట. దాన్ని కౌలుకు రాయించుకున్నాను. బాబాయి కాగితం వద్దన్నాడు, నేనే రాయించాను. నా బతుకులో మొదటిసారి కాగితం కావాలని నేనే పట్టుబట్టాను. జొన్న చల్లాను. లైసెన్సులో పంట అని ఉంది, పంట ఉండాలి కదా. అది నిజం పంటే. మొలిచింది కూడా.

ఒక సంగతి చెప్పు. వాగు ఎంత వెడల్పుంటుంది? నేను ఇటు గట్టున నిలబడి తుమ్మితే నువ్వు అటు చిరంజీవ అనగలవు. తుపాకీ వాగు దాటకూడదన్నారు. నేను దాటకూడదన్నారు. తోటా గింజ దాటకూడదు, దాటదు, ఆకాశంలోకే పేలుస్తాను. చప్పుడు దాటకూడదని ఎక్కడా రాయలేదు. ఆ గుమాస్తాను అడిగాను కూడా. ఆయన చాలాసేపు రూళ్ళ పుస్తకం తిరగేశాడు. ఏడాదిలో మొదటిసారి నవ్వాడు.

నా జొన్నలో పంది పడితే ఇటే పేలుస్తాను, అవి వాగు దాటి నీ మీదికి రాకుండా బాబాయి చెప్పినట్టు ఒడ్డు వైపు నిలబడి పేలుస్తాను. అప్పుడు గుట్ట వైపే పరుగెడతాయట. నీ చేలో పడితే, నాకు ఇక్కడినుంచి కంకులు విరిచిన చప్పుడు వినపడుతుంది. వినిపిస్తుందా లేదా అని రెండు రాత్రులు ఇక్కడ నేను కట్టుకున్న మంచె మీద కూర్చుని చూశాను. విన్నాను. నువ్వు డబ్బా కొట్టడం కూడా విన్నాను. ఒకే తీరున, ఆగకుండా, ఎవరో సుత్తి పని చేస్తున్నట్టు. పిలుద్దామని లేచి, మళ్ళీ కూర్చున్నాను.

పిండివంటలు చేసి వాగు దాటించకు. బాబాయి రోజూ రొట్టెలు పెడుతున్నాడు. ఈ సంత నుంచి వంతు నాది. డబ్బా నువ్వు పక్కన పెట్టు.

తమ్ముడు


నెమలిబోరు.
డిసెంబరు నెలాఖరు.

తమ్ముడూ,

బద్యా బాబాయి చేతికిస్తున్నాను. సంతకు వచ్చాడు.

నీ ఉత్తరం చదివి, డబ్బా పక్కన పెట్టలేదు. నీ మాట నమ్మి ఏనాడు బాగుపడ్డాను. మంచె మీదే కూర్చున్నాను. అవి ఎప్పటిలాగే వచ్చాయి. డబ్బా అందుకునేలోపు అటు గట్టున పేలింది. నాన్న పోయాక మళ్ళీ ఆ చప్పుడు వినడం అదే. చేలో పందులు ఒక్కసారిగా లేచి, అరుచుకుంటూ అడవిలోకి పోయాయి. నేను నీ వైపు చూశాను. ఏమీ కనపడలేదు. నువ్వు ఏదో కూత పెట్టావు, బూతే అయి ఉంటుంది.

కాసేపటికి ఇంకోటి పేలింది. ఈసారి చేలో ఏమీ లేదు. ఊరికే పేల్చావు కదా? తోటాలు దండగ చేయకు.

దిగి ఇంటికి వచ్చి మంచం ఎక్కాను. చెవులు ఇంకా అటే ఉన్నాయి. ఎప్పుడు పట్టిందో పట్టింది.

కళ్ళు తెరిచేసరికి ఎండ దుప్పటి మీదికి వచ్చింది. బర్రె పాలకు అరుస్తోంది. కోళ్ళు గూట్లోనే ఉన్నాయి. లేచి కూర్చున్నాను. చేతులు నావి కానట్టు బరువుగా ఉన్నాయి. చేను పోయిందేమోనని వాకిట్లోకి వచ్చి చూశాను. ఉంది.

లోపలికి వచ్చి మళ్ళీ పడుకున్నాను.

అక్క